పువ్వుల పరీక్ష

"ముట్టుకుంటే ముడుచుకుపోయే మొక్క?"

"మా ఆవిడ."

"చాల్లెండి సరసం! డాక్టరు దగ్గర కూడా ఇలాగే వాగుతారా? అత్తిపత్తి. ఏదీ, అనండి."

"అత్తిపత్తి" అన్నాడు నర్సరీ యజమాని, బుద్ధిమంతుడైన పిల్లాడిలా చేతులు కట్టుకుని.

పొద్దున్నే టీ తాగడం, మొక్కలకి నీళ్ళు పెట్టడం, ఆ తర్వాత పాఠం. కొన్నాళ్ళుగా ఆ మొగుడూ పెళ్ళాలకి ఇదే వరస. కుండీల మధ్య ముక్కాలిపీట మీద ఆవిడ, బోర్లించిన బక్కెట్టు మీద ఆయన కూర్చుంటారు.

ఇదంతా ఆ గన్నేరు గొడవతో మొదలైంది. చంటిపిల్లలున్న ఇంటివాళ్ళు వచ్చి నందివర్ధనం అడిగితే, వాళ్ళ చేతికి గన్నేరు వెళ్ళింది. రెండూ తెల్లపూలే, కాదనం. కానీ గన్నేరు విషం కదా! మర్నాడు ఆ ఇంటాయన కుండీతో సహా వచ్చి, గేటు దగ్గరే నిలబడి కడిగి పారేశాడు. భార్య నోరు తెరిచేలోపే ఈయన ముందుకొచ్చాడు.

"తప్పు నాదే బాబూ. నా మతి మతిలో లేదు" అని ఆయన చేతులు పట్టుకున్నాడు.

అది మొదలు. ఒకసారి తడిపిన గులాబీల్నే మళ్ళీ తడపడం, తాళంచెవులు ఎరువు బస్తాలో తేలడం. ఏం జరిగినా "నేనే, నేనే" అంటూ ఎదురొచ్చేవాడు. ఆస్పత్రికి వెళ్దామన్నదీ ఆయనే.

"ఒక్కణ్ణే వెళ్ళలేను. నువ్వు పక్కన కూర్చోవాలి" అన్నాడు.

ఆ డాక్టరు బొమ్మలు చూపించి పేర్లు అడిగాడు. పువ్వులు, చెట్లు, వానలు, గాలులు. తప్పు పోతే అమ్మగారు దిద్దవచ్చన్నాడు.

"ఇదేం పరీక్షండీ, కాపీ కొట్టించమని మాస్టారే చెబుతున్నాడు!" అని ఆవిడ ఒకటే నవ్వు.

నవ్వడమైతే నవ్వింది గానీ, ఆ రోజు ఆవిడ నోటికి తెరిపి లేదు. "కలువ కాదండీ, తామర!" "అయ్యో రాత, అది జల్లేమిటి? వడగళ్ళు! ఆ ముక్కలు కనబడ్డం లేదూ?" "సుడిగాలి మహానుభావా, సుడిగాలి!" డాక్టరు కూడా నవ్వుతూనే రాసుకున్నాడు. చివరికొచ్చేసరికి మాత్రం నవ్వడం మానేశాడు.

"కొన్నాళ్ళాగి మళ్ళీ ఇవే బొమ్మలు చూపిస్తాను. జబ్బు ఆగిందో ముదిరిందో అప్పుడు తేలిపోతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"జన్మంతా మొక్కల్లో బతికిన మనిషికి మొక్క పేరు రాకపోవడం ఏమిటండీ? రేపు నన్నూ మర్చిపోతే?"

"పిచ్చిదానా, నిన్ను మర్చిపోతానా?"

"మీరు మర్చిపోరు. జబ్బుకేం తెలుసు, నేను మీ పెళ్ళాన్నని?"

కుళాయి కట్టేసి, ఆవిడ తడి చేతులు తన చొక్కాకే తుడిచాడు.

మర్నాటి నుంచి పాఠాలు పెట్టింది. అబ్బో, పంతులమ్మలకే పంతులమ్మ!

"ఇప్పుడు పడుతోందే, సన్నగా, రోజంతా విసుగూ విరామం లేకుండా... దీన్నేమంటారు?"

"తడి."

"నా మొహం! ముసురండీ, ముసురు. ఎండిన నేల మీద మొదటిసారి పడేది తొలకరి. గుర్తుంచుకోండి."

ఆవిడ చెబుతున్నకొద్దీ ఆయన మొహం విప్పారేది. తిట్టినా సంతోషమే. ఒక్కోరోజు మాత్రం పాఠం నడిచేది కాదు.

"సాయంత్రంపూట విచ్చుకుంటుంది చూడండి... గోడవార పెరుగుతుంది, గులాబీరంగులో ఉంటుంది, పసుపూ ఉంటుంది... అబ్బ, చెప్పండీ!" అని చిటికెలు వేసింది.

ఆయన కాసేపు ఆకాశంకేసి చూశాడు.

"చంద్రకాంత... కదూ?"

"హమ్మయ్య!"

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. వ్యాను దిగాక ఆవిడ ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

"కంగారుపడకండి. నేనున్నాగా" అంది.

అదే గది, అవే బొమ్మలు. ఆయన ఒక్కో బొమ్మనూ చూసి, పక్కనున్న భార్య మొహం చూసి, పేరు చెప్పాడు. మొదట్లోనే వడగళ్ళ దగ్గర ఆవిడ అందుకుని దిద్దింది. ఆ తర్వాత దిద్దాల్సిన పనే పడలేదు. బొమ్మలు ఒక్కొక్కటీ దాటిపోతుంటే ఆవిడ "ఊఁ, అంతే, అంతే" అంటూ తలూపింది. ఆయన చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

"చూశారా డాక్టరుగారూ! పోయినసారి నేను వాగలేక చచ్చాను. ఇవాళ నోరు విప్పానా? నా పాఠమంటే మజాకానా!"

సంతోషం పట్టలేక ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన చెమట చూసి, "ఉండండి, నీళ్ళు తెస్తాను" అని బయటికి వెళ్ళింది.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. నర్సరీ యజమాని రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"పోయినసారి చెప్పిన తప్పులే, ఒక్కటి కూడా మార్చకుండా మళ్ళీ చెప్పాను డాక్టరుగారూ... ఒక్క వడగళ్ళు తప్ప, అవి తప్పులని ఈసారి మా ఆవిడకి తెలియలేదు."