ముఖంలో భావజాలం

"ముఖంలో భావజాలం యాడుందప్పా?" అని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ మట్టి తలను చెరిపించి పోయిన మాధవయ్య మూడోసారి నంద్యాల నుంచి దిగాడు. వెంట ఆయన నడిపే విగ్రహ సమితి కార్యదర్శి శివప్రసాద్.

ఆళ్లగడ్డలో సురేష్ రాతి విగ్రహాలు చెక్కుతాడు. ముందు మట్టితో తల చేసి చూపించాలి. ఒప్పుకుంటేనే రాతి మీద ఉలి పడేది. సమితి విగ్రహం పెట్టదలచిన గురువుగారు పోయి నలభై ఏళ్లు. మిగిలింది ఒకే ఫొటో. అచ్చం అలాగే చేసినా మాధవయ్య కంటికి ఆనలేదు. ఇప్పుడు చేసిన మూడో తలనూ కాదంటే పని వేరే శిల్పికి పోతుంది. మూడు నెలల కష్టం మట్టిపాలు. "వాళ్ల మొహం నేను చూడలేను" అని సురేష్ పొద్దున్నే బండేసుకుని అవుకు ఊరి దిక్కు పోయాడు.

భార్య జాహ్నవే కుర్చీలు వేసి టీ ఇచ్చింది. ఆమె రాజనీతి శాస్త్రంలో ఎమ్మే. వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

"భావజాలమంటే ఏంది సార్? ముఖంలో యాడుంటాది?"

రిటైరైన లెక్చరర్ మాధవయ్య గొంతు సవరించుకున్నాడు. "భావజాలమంటే... భావజాలం కలిగి ఉండటమమ్మా. అది ఉన్నోళ్లకే కనబడతాది. ఆడోళ్లకు చెప్పినా అర్థం కాదులే."

టీ అయ్యేలోగా ఆ మాట పదకొండుసార్లు వాడాడు. చక్కెర ఎక్కువైందని చెప్పడానికి కూడా.

జాహ్నవి లేచి, బల్ల మీది మట్టి తలకు కప్పిన తడిగుడ్డ తీసింది.

"ఫొటో తెస్తా సార్, పక్కన పెట్టి చూద్దురు."

"ఫొటో నాకెందుకమ్మా? పదేళ్లు గురువుగారి పక్కన కూర్చున్నోణ్ణి!"

మాధవయ్య తల చుట్టూ తిరిగాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇదప్పా ముఖమంటే! శివప్రసాదూ, ఆ కండ్లు చూడు. ఏం కనబడతాండాది?"

"భావజాలం సార్!" శివప్రసాద్ చెప్పులు విడిచి దండం పెట్టాడు. "గురువుగారే లేచొచ్చినట్టుండాది."

"మీ ఆయనకు ఇప్పటికి బుద్ధొచ్చిందమ్మా" అన్నాడు మాధవయ్య.

"మీ దయ సార్. ఈడ సంతకం పెట్టిపోతే ఆయనొచ్చి రాయి పని మొదలుపెడతాడు."

'గురువుగారి ముఖం చూశాం. ఇక ఏ మార్పులూ అక్కర్లేదు' అని రాసి ఇద్దరూ సంతకాలు చేశారు.

కారు మలుపు తిరిగాక జాహ్నవి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి వచ్చి, తండ్రి విగ్రహం తమ కల్యాణమండపంలో పెట్టాలని కొడుకులు చేయించుకుంటున్న నందికొట్కూరు నూనె మిల్లు శేషయ్య తలకు మళ్లీ తడిగుడ్డ కప్పింది.