మూడో పిస్టన్

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది ఎటు నుంచి వచ్చిందో తెలిసేలోపే నర్సింహులు సెల్లార్ గోడకు గుద్దుకుని కింద పడ్డాడు.

“లే,” అన్నాడు భార్గవ్. “లేచి పిస్టన్లు పెట్టి చూపించు. మా నాన్న కారుకి ఎలా పెట్టావో అచ్చం అలాగే.”

శ్రీనగర్ కాలనీలోని ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వెయ్యాల్సిందే. మధ్యలో బల్ల మీద పైభాగం విప్పేసిన ఇంజన్ ఉంది. పక్కన గుడ్డ మీద మూడు మంచి పిస్టన్లు, ఒక పగిలిన పిస్టన్.

భార్గవ్ తండ్రి హనుమత్ప్రసాద్ గారికి తన పాత కారంటే పిచ్చి. షెడ్డుకి పంపితే సామాన్లు మార్చేస్తారని అనుమానం. అందుకే అమీర్‌పేటలో షెడ్డు నడిపే నర్సింహుల్ని ఇంటికే పిలిపించి, ఈ సెల్లార్‌లోనే, తన కళ్ల ముందే ఇంజన్ మొత్తం విప్పించి కట్టించారు. భార్గవ్ అప్పుడు ఆఫీసు పని మీద పుణెలో ఉన్నాడు.

ఇరవై రోజులు బండి బ్రహ్మాండంగా తిరిగింది. ఇరవై ఒకటో రోజు పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కారు ఆగింది. వెనకాల వస్తున్న లారీ ఆగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడే భార్గవ్ వేరే మెకానిక్‌తో ఇంజన్ విప్పించాడు. పిస్టన్ నెత్తిన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది ఇంజన్ ముందు వైపు, అంటే బెల్టు వైపు చూడాలి. మూడో పిస్టన్ బాణం వెనక్కి చూస్తోంది. లోపల వాల్వులు తగిలీ తగిలీ అది పగిలిపోయింది.

నర్సింహులు బల్ల పట్టుకుని లేచాడు. ఒక పిస్టన్ తీసి ఆయిల్ రాశాడు. రింగుల చుట్టూ పట్టీ బిగించాడు. బాణం బెల్టు వైపు పెట్టి, సుత్తి పిడితో మెల్లగా తట్టి లోపలికి దింపాడు.

భార్గవ్ డొక్కలో తన్నాడు. “రెండోది.”

రెండోదానికి నర్సింహులు కనుబొమ్మ చిట్లి ఉంది. నెత్తురు చుక్క ఇంజన్‌లో పడింది. దాన్ని చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, మళ్లీ ఆయిల్ రాసి, అప్పుడు దింపాడు. బాణం బెల్టు వైపే. మూడోది దింపేటప్పుడు ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అయినా బాణం బెల్టు వైపే.

అదే భార్గవ్‌కి ఒళ్లు మండించింది.

“కన్ను కనబడకపోయినా నీ చెయ్యి తప్పలేదు. మరి ఆ రోజెలా తప్పింది? కావాలనే చేశావు కదూ?”

“కాదు సార్. నా బిడ్డ మీద ఒట్టు. గా పగిలిన పిస్టన్ నేను పెట్టలె.”

“నువ్వు పెట్టకపోతే దయ్యం పెట్టిందా?”

భార్గవ్ నర్సింహులు కుడిచేతిని లాగి ఇంజన్ మీద అదిమిపెట్టి, రెండో చేత్తో సుత్తి ఎత్తాడు.

“పెట్టిందెవరో పేరు చెప్పు. చెప్పకపోతే ఈ చెయ్యి ఉండదు.”

“వద్దు సార్! చెయ్యి పోతే నా ఇల్లు పోతది సార్. చెప్త. కొట్టకున్రి, చెప్త.”

అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. భార్గవ్ తల్లి దుర్గాంబ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ సరిగ్గా ముద్ద మింగలేదు. కొడుకు చేతిలో సుత్తిని చూసింది గానీ వద్దనలేదు.

“నర్సింహులూ, పనిచేసినన్నాళ్లూ నీకు అన్నం పెట్టాను కదయ్యా. ఆయన్ని ఎవరు పొట్టన పెట్టుకున్నారో చెప్పు. అది తెలియకపోతే నేను బతకలేను.”

నర్సింహులు తెరిచి ఉన్న ఒక్క కంటితో ఆవిడనే చూశాడు.

“నేనే అమ్మా,” అన్నాడు చివరికి. “నేనే పెట్టిన. బాణం సూసుకోలె. తప్పు నాదే.”

దుర్గాంబ అతని కుడిచేతి వైపు వేలు చూపింది. “ఆ చెయ్యి ఇంకో ఇంజన్ ముట్టుకోకూడదు భార్గవ్.”

మూడు దెబ్బలు పడ్డాయి. రెండో దెబ్బకే వేళ్లు చితికిపోయాయి. మూడోది ఉత్త కసి. నర్సింహులు అరుపుకి గేటు దగ్గర వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, చూసి, నర్సింహులు ఇంటికి ఫోన్ చేశాడు.

రుద్రమ్మ ఆటోలో వచ్చి మొగుణ్ణి ఎక్కించుకుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఇరుక్కుపోయింది. కొంగుతో కట్టిన అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆవిడ ఏడుస్తూనే తిడుతోంది.

“గా పిస్టన్ నువ్వు పెట్టలేదని పొద్దుగాల నాతోని ఒట్టేసి చెప్తివి గదా! మల్ల నేనే అని ఎందుకు ఒప్పుకున్నవ్? ముప్పై ఏండ్ల పని ఒక్క మాటతోని నేలపాలు జేస్తివి. ఎవల్ని కాపాడనీకి? ఎవలు పెట్టిన్రు గా పిస్టన్?”

సిగ్నల్ పడింది. ఆటో కదిలింది. నర్సింహులు కళ్లు మూసుకున్నాడు.

“పెనిమిటి సల్లగుండాలని పసుపు కుంకుమ పూసి, దాని కింద బాణం కప్పుకపోయిందని తెల్వక, గా పిస్టన్‌ను తన చేత్తోని లోపటికి దింపింది దుర్గాంబమ్మనే, రుద్రమ్మా.”