ఎర్రగుడ్డ కర్రలు

పాయ మూతి దగ్గర తెరచాప కనిపించగానే కాశీరాం వల లాగడం ఆపేశాడు.

యూరియా సంచులు కలిపి కుట్టిన చాప. మోటారు లేదు. చప్పుడు చేయకుండా వచ్చేవాడు దొంగ కాక దొరా?

వాడపల్లి దిగువన కృష్ణ నీళ్లు గుట్టల మధ్యకు చొచ్చుకొచ్చిన పాయ అది. లోపలికి పోవాలంటే ఈతగాళ్లకే గుండె జారుతుంది. కాశీరాం కూడా మూతి దగ్గరే వలేసుకుని బతుకుతున్నాడు.

ఆ పడవవాడు మాత్రం లోపలంతా తిరుగుతూ వెదురు కర్రలు పాతుతున్నాడు. ప్రతి కర్రకూ ఎర్రగుడ్డ.

"నాయినా, జాగా పట్టుకుంటుండు!" అంది కూతురు కావ్య.

అవును మరి. కర్ర పాతి గుడ్డ కట్టారంటే, ఈ నీళ్లు మావి అని చెప్పినట్టే.

కాశీరాం తన పడవను అడ్డం పెట్టాడు.

"ఎవలు నువ్వు?"

"సత్యానందం అంటారు బాబూ. సముద్రం దగ్గర మా ఊరు. ఇప్పుడు వాడపల్లిలో ఉంటున్నాం."

"మా నీళ్లల్ల కర్రలెందుకు పాతుతున్నవ్?"

"కింద బండలున్నాయి బాబూ. గుర్తు కోసం."

"ఎవడు పాతమన్నడు నిన్ను?"

"ఎవరూ అనలేదు."

"ఊకెనే పాతుతున్నవా? గంత మంచోనివా?"

సత్యానందం తల దించుకున్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాలకం! కాశీరాంకు ఒళ్లు మండిపోయింది. కత్తి తీసి తెరచాపను బారెడు చీల్చేశాడు.

"మళ్ల గీడ కనిపిస్తే పడవనే ముంచుత!"

"కర్రలు మాత్రం పీకకండి బాబూ" అని, ఆయన తెడ్డు వేసుకుంటూ పోయాడు.

వద్దన్నాక పీకకుండా ఉంటాడా కాశీరాం? అన్నీ పీకి పారేశాడు. ఒక్కటి మాత్రం ఎంత గుంజినా రాలేదు.

"లోపల చేపలు దండిగున్నయ్ బిడ్డా. లేకుంటే గింత తిప్పలు పడతడా?"

మర్నాడు పొద్దున్నే తండ్రీ కూతుళ్లు లోపలికి పోయారు. గాలి లేచింది. పడవ అడుగున ఫెడీమంది. కావ్య ఎగిరి నీళ్లలో పడింది.

కాశీరాం దూకాడు. వెతికాడు. బిడ్డ లేదు. ప్రాణం పోయినంత పనైంది.

"నాయినా!"

పీకలేక వదిలేసిన కర్రను కరుచుకుని వణుకుతోంది కావ్య.

పిల్లను ఒడ్డుకు చేర్చి కూలబడ్డాడు. "మనిషిని కాదు నేను, గాడిదను" అని చెంపలు వాయించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వాడపల్లి పోయి సత్యానందం గుడిసె వెతికి పట్టుకున్నాడు. గడపలో ఆయన భార్య నాంచారమ్మ కూర్చుని ఉంది.

"నేను పాయకాడి కాశీరాంను. ఆయన కాళ్లు మొక్కాలె అమ్మా. ఏడున్నడు?"

"కర్రలు పీకేసి ఉంటారు, మళ్లీ పాతొస్తానని చాప కుట్టుకుని తెల్లారే మీ పాయకు పోయాడు బాబూ. మీకు కనపడలేదా?"

పొద్దుటి నుంచి పాయలోకి ఏ తెరచాపా రాలేదు. బయట గాలి ఇంకా తగ్గలేదు. ఆ మనిషికి ఎందుకింత ఆరాటమో అని కాశీరాం అడిగాడు.

"మీ బిడ్డ గిట్ల నీళ్లల్ల పోయిందా అమ్మా?"

"మాకు పిల్లల్లేరు బాబూ" అంది నాంచారమ్మ, ఏటి వైపే చూస్తూ. "మిరప కోతకని పడవెక్కిన తండా పిల్లొకతె అవతలి ఒడ్డున బండ తగిలి నీళ్లలో మునిగిపోయింది, ఆ పడవ నడిపింది మా ఆయనే."