పెంటమ్మ ఏడుపు

బిడ్డ పొద్దుటి నుంచి గుక్క పట్టి ఏడుస్తోంది. రుద్రమ్మ ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

కంగ్టిలో ఆ వీధివాళ్లకు ఇది కొత్త కాదు. పుట్టి పది రోజులైనా ఆ బిడ్డను సరిగ్గా చూసినవాళ్లు లేరు. కోడలికి బీదర్‌లో కాన్పయింది. పూల గౌను తొడిగి, పైన పాత చీర ముక్క చుట్టి తెచ్చారు. ఆడపిల్లేనని రుద్రమ్మ ఆటో దిగుతూనే అందరికీ చెప్పింది. పేరు పెంటమ్మ అంది. పెంటమ్మ! ఈ కాలంలో ఏ నాయనమ్మైనా పెట్టే పేరేనా అది?

అంతకుముందు రుద్రమ్మ కోడలు సుప్రీతకు ఇద్దరు మగపిల్లలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. ఊరి కళ్లే మింగాయని రుద్రమ్మ గుండెలు బాదుకుంది. ఇప్పుడేమో 'అయ్యో, ఆడపిల్లనా' అని ఎవరన్నా నిట్టూరిస్తే ఆమె ముఖం వెలిగిపోయేది. ముసలామెకు మతి చలించిందని కొందరు, మనసు మారిందని కొందరు అనుకున్నారు.

పక్కింటి భీమమ్మ ఇక ఉండలేక తలుపు బాదింది.

"ఓ రుద్రమ్మా! పోరి గట్ల ఏడుస్తుంటే దవాఖానకు తీస్కపోవేంది? ఆడపిల్లని గింత అలుసా?"

"కడుపునొప్పిలే. ఆముదం రాసి కాపడం పెడుతున్న" అని లోపలి నుంచే జవాబు.

"తలుపు తీస్తవా, నలుగురిని పిలవాల్నా?"

సుప్రీత తలుపు తీసింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "తానం పోసేటప్పుడు కాలు ఎత్తితే కెవ్వుమంటుంది పెద్దమ్మా" అంది. అత్త ఉరిమి చూసేసరికి నోరు మూసుకుంది.

భీమమ్మే ఆటో పిలిచింది. నారాయణఖేడ్ దాకా తోడొచ్చింది. దారిపొడుగునా బిడ్డను ఇటివ్వమని చేతులు చాపింది. రుద్రమ్మ ఇవ్వలేదు.

పిల్లల డాక్టర్ అంకిత దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. భీమమ్మ గదిలోకీ వచ్చి టేబుల్ పక్కనే నిలబడింది. డాక్టర్ జ్వరం చూసింది. చెవులు చూసింది. గౌను మీది నుంచే పొట్ట నొక్కింది.

"ఆడపిల్లనా?"

"అవు మేడమ్, ఆడపిల్లనే" అంది రుద్రమ్మ.

"బట్ట విప్పండి. కింద కూడా ఒకసారి చూస్త."

సుప్రీత చెయ్యి బట్ట ముడి మీదికి పోయింది. రుద్రమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చూపంతా భీమమ్మ మీదే ఉంది.

"ఇప్పుడే మార్చినం మేడమ్, అంత మంచిగనే ఉన్నది. పురిటి పిల్ల, గాలి సోకుతది."

బయట జనం తలుపు తోస్తున్నారు. డాక్టర్ పట్టుబట్టలేదు. పట్టుబట్టాల్సింది. కడుపునొప్పికి చుక్కల మందు రాసి, తగ్గకపోతే మళ్లీ రమ్మంది.

"చూస్తివా, గింతదానికి గంత లొల్లి చేస్తివి" అని రుద్రమ్మ ఎత్తిపొడిచింది. భీమమ్మ చిన్నబుచ్చుకుంది.

మర్నాడంతా ఏడుపే. ఆ తర్వాతి రోజు పొద్దున ఉన్నట్టుండి ఆగిపోయింది. చుక్కలు పనిచేశాయని రుద్రమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుంది. బిడ్డకు స్నానం చేయించబోయిన సుప్రీత మాత్రం చేతిలోని చెంబు వదిలేసింది. ఈసారి అత్తను అడగలేదు. బిడ్డను ఎత్తుకుని బస్సెక్కింది. రుద్రమ్మ చెప్పులైనా వేసుకోకుండా వెనకే పరుగెత్తి అదే బస్సు పట్టుకుంది.

డాక్టర్ ముందు సుప్రీతే ముడి విప్పింది. అంకిత చూసింది. వేలితో మెల్లగా తాకింది. బిడ్డ ఏడవలేదు. ఆమె ఒకసారి బిడ్డను, ఒకసారి రుద్రమ్మను చూసింది.

"ఎప్పటి నుంచి ఇది?"

"మొన్న మీ దగ్గరికి వచ్చిననాడు ఒక దిక్కే వాపుండె మేడమ్, ఎర్రగ. ఇయ్యాల రెండో దిక్కు కూడ" అంది సుప్రీత.

"మరి మొన్న ఎందుకు చూపియ్యలే? లోపల మెలిపడి నెత్తురు ఆగిపోయింది. అప్పుడే హైదరాబాద్ పోతే ఆపరేషన్ చేసి ఒక దిక్కన్నా కాపాడేటోళ్లు."

"ఇప్పుడు పంపుండ్రి మేడమ్, మీ కాళ్లు మొక్కుత" అంది సుప్రీత.

"పంపుతున్న. కానీ ఆశ పెట్టుకోకు. రెండు దిక్కుల నల్లగ మాడిపోయింది. పానానికి భయం లేదు, గంతే."

"పెద్దయినంక... పిల్లలు?"

డాక్టర్ తల అడ్డంగా ఊపింది.

రుద్రమ్మ నేల మీద కూలబడింది. "అయ్యో శివనే! నేనే చేసిన. నా చేతులార నేనే చేసిన" అని నెత్తి కొట్టుకుంది.

ముందు పోయిన ఇద్దరిలా దిష్టికి దొరకకూడదని ఊరికీ, భీమమ్మకీ, చివరికి డాక్టరుకీ ఆడపిల్లేనని చెప్పి ఆమె దాచుకున్న మనవడు, వృషణాలు రెండూ పోగొట్టుకుని, టేబుల్ మీద పూల గౌనులో నిద్రపోతున్నాడు.