ఎవరి డబ్బా గొప్ప?

"అక్కా, నీ పోరడు ఈడ లేడు. పక్క గల్లీల చూడు."

తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ నోరు తెరవకముందే ఓంప్రకాశ్ మాట విసిరేశాడు.

కరీంనగర్ బస్టాండు వెనక ఉన్న అతని గేమింగ్ షాపుకు నలభై దాటిన ఆడవాళ్లు ఒక్క పనిమీదే వస్తారు. కొడుకును చెవి పట్టుకుని ఈడ్చుకుపోవడానికి.

"పోరని కోసం రాలే తమ్మీ. యూట్యూబ్ చానల్ నడిపే ఓంప్రకాశ్‌వి నువ్వే గదా? నీతోని పది నిమిషాలు మాట్లాడాలె."

"తిట్లా? లైవ్ అయినంక తిడుదువు. ఆ స్టూలు మీద కూసో. కూలర్‌కు అడ్డం కూసోకు, మిషన్లకు గాలి తగలాలె."

ఆవిడ కూర్చుంది.

ఆ రోజు లైవ్ అల్లాటప్పాది కాదు. టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బాలు అమ్మే కంపెనీలు రెండు. గడిచిన ఏడాదిలో నీలం డబ్బా కంపెనీ ఎన్ని ఆటలు విడుదల చేసింది, పచ్చ డబ్బా కంపెనీ ఎన్ని చేసింది, తేల్చిపారేయాలి.

నీలానికి ఓంప్రకాశ్. పచ్చకు శ్రావణ్. ఒకే కంచంలో తిన్న దోస్తులు. ఈ డబ్బాల పంచాయితీలో నెల రోజులుగా కెమెరా ముందు తప్ప మాటల్లేవు.

జీతమివ్వని కంపెనీలకు జీతగాళ్లు! కరీంనగర్ అనే ఊరొకటుందని ఆ యజమానులకు తెలియనే తెలియదు.

తెలియజేయాలని ఓంప్రకాశ్ మూడేళ్లుగా రెండు కంపెనీలకూ మెయిళ్లు రాస్తూనే ఉన్నాడు. ఆటలు తయారుచేసే ఒక్క మనిషిని తన చానల్లో పది నిమిషాలు మాట్లాడించమని. అదొక్కటి జరిగితే చానల్ నిలబడుతుంది. లేదంటే ఈ నెలాఖరుకు షాపు మూసి, మామ గ్రానైట్ క్వారీలో రాళ్ల లారీల వెంట తిరగాలి. బాపు పెట్టిన గడువు అది.

ఒక్క జవాబూ రాలేదు. అయినా జెండా దించలేదు.

"మాయి పన్నెండు!" అని గొంతు చించుకున్నాడు ఓంప్రకాశ్.

"మాయి పదకొండే. గని ఒక్కొక్కటి ఏనుగు!" అన్నాడు పక్క కుర్చీలోంచి శ్రావణ్.

"ఏనుగా? పందికొక్కు!"

స్టూలు మీద ఆవిడ కిసుక్కున నవ్వింది.

"ఆ పన్నెండుల అయిదు పాతయే గదా తమ్మీ. పదేండ్ల కిందటి ఆటలకు రంగేసి మళ్ల అమ్ముతున్నరు."

శ్రావణ్ చప్పట్లు కొట్టాడు. "సెబాష్ అక్కా! గట్ల పెట్టు గడ్డి!"

"నీ పదకొండుల నాలుగు ఆ కంపెనీ చేసినయి కావు తమ్మీ. చేసినోళ్లను ఆఫీసుతోని సహా కొనుక్కొని, నాయే అని చెప్పుకుంటున్నది."

శ్రావణ్ చేతులు ఆగిపోయాయి. నెల తర్వాత దోస్తులిద్దరూ మళ్లీ ఒక్కటయ్యారు.

"అన్నం వండుకునేటోళ్లకు రిలీజుల సంగతెందుకు?" అన్నాడు శ్రావణ్.

"కుక్కర్ సీటీలు లెక్కపెట్టుకో పో అక్కా. నీకు గా లెక్క సరిపోతది," అన్నాడు ఓంప్రకాశ్.

"ఎన్ని ఇడిశిండ్రని కొట్లాడుడేంది తమ్మీ? ఎవలు చేసిండ్రు, ఎన్ని తిప్పలు పడి చేసిండ్రు, గది అడుగున్రి."

"నిన్నెవలడిగిండ్రు? లైవ్ ఖరాబ్ చేస్తున్నవ్. ఇగ లే, నడువ్."

ఆవిడ లేచి కొంగు నెత్తిన కప్పుకుంది.

"బెల్లంపల్లి బస్సు టైమైంది, పోత. మళ్ల ఎప్పుడొస్తనో ఏమో."

"రాకున్నా ఫికర్ లేదు."

తలుపు మూసుకుంది. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ.

లైవ్ చూస్తున్న జనం మాత్రం ఊరుకోలేదు. 'అక్క చెప్పింది నిజమే. పాతయి, కొన్నయి తీసేస్తే ఏడుకు ఏడు' అని రాశారు.

ఇద్దరూ గింజుకున్నారు. ఎంత గింజుకున్నా ఏడు ఎనిమిది కాలేదు.

చివరికి ఎవడో తీర్పు రాశాడు: 'మీ మీ గొప్ప ఆట తీయండి. దేనికి ఎక్కువ మంది పనిచేస్తే ఆ కంపెనీ గెలిచినట్టు.'

రెండు టీవీల్లో రెండు ఆటలు పెట్టి ముగింపుకు తెచ్చారు.

ఆట అయిపోగానే బటన్ నొక్కి, తయారుచేసినవాళ్ల పేర్లు దాటేయడమే ఈ వీరులకు ఎప్పుడూ తెలిసింది. ఎవరి చెమటో అక్కరలేదు. ఎవరి జెండానో కావాలి.

ఈసారి నొక్కలేదు. పేర్లు కదలడం మొదలయ్యేసరికి బెల్లంపల్లి బస్సు ఊరు దాటిపోయింది.

రెండు వందలు. మూడు వందలు. వేళ్లు మడుస్తూ ఎంచుతున్నారు.

"అరే ఓం, జర ఇటు చూడు," అన్నాడు శ్రావణ్.

"నువ్వే ఇటు చూడురా."

నీలం ఆట చివరా, పచ్చ ఆట చివరా 'ఈ ఆటను తయారుచేసిన హైదరాబాద్ జట్టు' అంటూ ఒకే గుంపు ఫోటో, ఆ గుంపు నడుమ 'జట్టు నాయకురాలు పద్మలత' అన్న అక్షరాల మీద నవ్వుతూ నిలబడింది, ఇందాక వాళ్లు ఎండలోకి తోలిన మనిషే.