అంకుల్ ఉన్నారా?

తలుపు తీసింది ఆంటీ. ధాత్రి ముఖం కాస్త వాడింది.

"అంకుల్ ఉన్నారా ఆంటీ?"

"డ్యూటీ దిగి వచ్చి పడుకున్నారమ్మా. లోపలికి రా, ఆ చలిలో ఎందుకు నిలబడతావు?"

ధాత్రికి పెళ్ళయి మూడు నెలలు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇంకా ప్రతిదీ ముద్దుగానే కనిపిస్తోంది ఆమెకు. కిటికీ అద్దం మీద మంచు వేసిన ముగ్గులు, బయటికి వెళ్తుంటే భర్త అచ్యుత్ ఆమె కోటు జేబుల్లో కుక్కే వేడి ప్యాకెట్లు, ఎవరితోనైనా "మా ఆయన" అని చెప్పుకోవడం. ఆ మాట అనడానికే ఒక్కోసారి పనిలేకపోయినా ఎవరికో ఒకరికి ఫోన్ చేసేది.

కమలకుమారి గారి తరఫున ప్రచారానికి ఒప్పుకున్నదీ ఆ హుషారులోనే.

కమలకుమారి ఫార్మసిస్టు. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటోంది. వచ్చే అసెంబ్లీ ఎన్నికలకు పార్టీ టికెట్ అడుగుతోంది. ఇక్కడ టికెట్ పైవాళ్ళు ఇవ్వరు. నియోజకవర్గంలోని పార్టీ సభ్యులే ఒక హాల్లో చేరి, ఓట్లు వేసి తేలుస్తారు. పోటీలో ఇంకొక్కడే ఉన్నాడు, మార్టిన్.

"తెలుగు ఇళ్ళన్నీ నీవి ధాత్రీ" అంటూ ఆమె సభ్యుల జాబితా చేతిలో పెట్టింది. ఇది మూడో ప్రయత్నమనీ, ఈసారీ కాకపోతే ఇక నిలబడే ఓపిక లేదనీ నవ్వుతూనే చెప్పింది.

ఆంటీ టీ తెచ్చింది. డైనింగ్ టేబుల్ నిండా ఏవో ఫారాలు. అంకుల్ కాగితాలు తడవకుండా ధాత్రి కప్పు పక్కకు జరుపుకుంది.

"ఆసుపత్రి లాండ్రీని బయటి కంపెనీకి కాంట్రాక్టుకి ఇచ్చేస్తారంటున్నారు. మీ మేడమ్ ఏమంటారు దానికి?" అంది ఆంటీ, ఎదురుగా కూర్చుంటూ.

ధాత్రికి జవాబు తెలుసు. ఆ కాంట్రాక్టు ఆపిస్తానన్నది కమలకుమారి ఎక్కడ మాట్లాడినా మొదట చెప్పే మాట. కానీ ఇప్పుడు చెప్పి, మళ్ళీ అంకుల్‌కి చెప్పడం దేనికనిపించింది.

"అవన్నీ అంకుల్‌కి వివరంగా చెప్తాను ఆంటీ."

మీటింగ్ తేదీ ఉన్న కార్డు ఆయనకివ్వమని చెప్పి వచ్చేసింది.

రెండోసారి వెళ్తే అంకుల్ బజారుకు వెళ్ళారు. ఆంటీ ఫోన్‌లో ఎవరితోనో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడుతోంది. పెట్టేసి, లాండ్రీ సంగతే మళ్ళీ అడిగింది. ఆదివారం వస్తానంది ధాత్రి.

ఆదివారం అదృష్టం పండింది. చక్రధర్ అంకుల్ వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నారు.

"నాకు అవేం తెలీవమ్మా. మా ఆవిడని అడుగు" అన్నారు, పార మీద ఆనుకుని.

పాపం, ఎంత మొహమాటమో అనుకుంది ధాత్రి. గడ్డకట్టే చలిలో పావుగంట నిలబడి ఆయనకు అంతా చెప్పింది. బడులు, అద్దెలు, లాండ్రీ కాంట్రాక్టు. ఆయన పాపం తల ఊపుతూనే ఉన్నారు. లోపల కిటికీ దగ్గర ఆంటీ నిలబడి ఇద్దరినీ చూస్తోంది.

ధాత్రి ఆమెకు చేయి ఊపి, జాబితాలో ఆ ఇంటికి టిక్కు పెట్టుకుంది.

మీటింగ్ రోజు హాలు ముందు రెండు వ్యాన్లు ఆగాయి. నిండా ఆడవాళ్ళు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, పంజాబీలు, సోమాలీలు. అందరి వెనకా ఆంటీ దిగింది. పనిచేసే చోట స్నేహితుల బండిలో వచ్చినట్టుందనుకుని ధాత్రి ఎదురెళ్ళింది.

"అంకుల్ రాలేదా ఆంటీ?"

"ఆయనెందుకమ్మా?"

ఒక ఓటు పోయిందని అచ్యుత్‌కి మెసేజ్ పెట్టి ఉసూరుమంది.

పోయింది ఒకటి కాదు. పద్నాలుగు ఓట్ల తేడాతో కమలకుమారి ఓడిపోయింది. కోటుకున్న బ్యాడ్జీ తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటూ, "నువ్వు చాలా తిరిగావు తల్లీ" అంది ధాత్రితో.

ధాత్రి ఆంటీని వెతుక్కుంటూ వెళ్ళింది.

"మీరు మా మేడమ్‌కే వేశారు కదా ఆంటీ?"

"లేదమ్మా. ఆ మార్టిన్ వచ్చి మా వంటింట్లో గంటసేపు కూర్చున్నాడు. కాంట్రాక్టు ఆపుతానన్నాడు. మీ మేడమ్ సంగతి నాకు తెలీలేదు."

"మేడమ్ కూడా ఆపుతాననే అన్నారు. అంకుల్‌కి అంతా చెప్పాను కదా!"

"ఆయనకి ఇందులో ఓటు లేదు తల్లీ. పార్టీ సభ్యత్వం నాది." ఆంటీ మఫ్లర్ చుట్టుకుంటూ ఆగింది. "రెండుసార్లు నిన్నే అడిగాను."

ఆ గొంతులో కోపం లేదు. కాస్త ఉన్నా బాగుండుననిపించింది ధాత్రికి.

జాబితా మడత విప్పింది. ఆ ఇంటి నంబరు ఎదురుగా అచ్చులో ఒకే ఒక్క పేరు ఉంది. చాముండేశ్వరి. దాని పక్కన పెన్సిల్‌తో తన గుండ్రటి అక్షరాలు: చక్రధర్ అంకుల్ ఇల్లు.

చేతిలో ఫోన్ మోగింది. అచ్యుత్. ఎత్తబుద్ధి కాలేదు.

వ్యాన్లలో వచ్చిన ఆడవాళ్ళంతా కోట్లు తొడుక్కుని, ఆంటీ కోసం గుమ్మం దగ్గర ఆగారు.

వాళ్ళు వెళ్ళిపోయేలోపే మార్టిన్ గబగబా మైకు అందుకుని, తొమ్మిదేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీ కార్మికుల యూనియన్ అధ్యక్షురాలిగా ఉన్న చాముండేశ్వరికీ, ఆమె మాట మీద వచ్చిన ఇరవై రెండు మందికీ కృతజ్ఞతలు చెప్పాడు.