గెడ్డవలసలో ఒక్క ఓటు

“ఏటి సూర్యారావూ, మీ ఊర్లో ఒకటి జారిపోనాదట?”

రాజాంలో పార్టీ నాయకుడు నవ్వుతూనే అన్నాడు. గెలిచిన సంబరంలో ఉన్న ఆయనకు ఒక్క ఓటు ఏ మూలకి?

సూర్యారావుకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

గెడ్డవలసకు ఉన్నది ఒకటే బూత్. అతని తండ్రి కాలం నుంచీ ఊరంతా ఒకే గుర్తుకు వేస్తోంది. ఆ పేరు పోకుండా సూర్యారావు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. పోలింగుకు ముందురోజు గడప గడపకూ తిరిగి ఏ మీట నొక్కాలో చెబుతాడు. ఇంట్లో భార్య పార్వతీదేవికైతే వేలు పట్టుకుని చూపించినంత పని చేస్తాడు.

“కూరలో ఉప్పెంతెయ్యాలో కూడా సెప్పీండి,” అని ఈసారి ఆమె నవ్వింది.

ఆ మాట అతను పట్టించుకోలేదు.

రాజాం నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే అసిరితల్లి గుడి ముందు ఊరిని పోగేశాడు.

“మన పార్టీకే ఏసినామని తల్లి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం సెయ్యండి. ఏసినోలికి భయమేటి? ఎయ్యనోలు ఊరొదిలి పోవాల.”

ఎవరూ ఎదురు చెప్పలేదు. అతని మిల్లులో ధాన్యం ఆడించుకోని ఇల్లు ఆ ఊళ్లో లేదు మరి.

మగవాళ్ల వంతు అయింది. తన ఇంటికి మినహాయింపు ఇచ్చుకున్నాడని ఎవరూ అనకూడదని, పార్వతీదేవిని కూడా తనే పిలిచి ఆడవాళ్ల వరసలో నిలబెట్టాడు.

ముసలి తవిటమ్మ కర్పూరం మీద చెయ్యి వేసి ఆర్పింది.

“మన పార్టీకి ఎయ్యకపోతే నా రెండు కళ్లూ పోవాల!”

“ఉన్నయ్యి ఎప్పుడో పోనాయి కదే మామ్మా!” అన్నారెవరో.

ఊరంతా పకపకా నవ్వింది. పూజారి ఇంకో బిళ్ల వెలిగించాడు.

అప్పుడు, వరసలో లేకుండా పక్కన నిలబడి చూస్తున్న గంగులు ముందుకొచ్చాడు.

గంగులు ఏడాది కిందట ఆ ఊరొచ్చిన దర్జీ. సూర్యారావు ఇంటి అరుగు మీదే మిషను పెట్టుకున్నాడు. మాట తక్కువ. పిల్లకు గౌను కుట్టమని పాతచీర ఇస్తే, మిగిలిన ముక్కతో ఆ పిల్ల బొమ్మకు కూడా ఒక గౌను కుట్టి ఇచ్చే రకం.

“ఆపీండి బాబూ. ఆ ఓటు నానే ఏసినాను.”

నవ్వులు ఆగిపోయాయి.

“నువ్వా? నా అరుగు మీద కూకొని నాకే ఎదురేసినావా?”

“తప్పయిపోనాది బాబూ.”

సూర్యారావు చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. కోపం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. దొరికినవాడు బయటివాడు. ఊరికి మచ్చ లేదు, తన మాటకూ మచ్చ లేదు. ఆ సంతోషంలో మరొక్క ప్రశ్న కూడా అడగలేదు.

“సాయంత్రానికి నీ మిషను నా అరుగు మీద కనపడకూడదు,” అన్నాడు. మిగిలినవాళ్లను ప్రమాణాలు అక్కర్లేదని పంపేశాడు.

గంగులు ఎవరి గుడ్డలు వాళ్లకు అప్పగించి, మిషను ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఆటో మలుపు తిరిగేదాకా పార్వతీదేవి గుమ్మంలోనే నిలబడింది. కుట్టకుండా మిగిలిపోయిన జాకెట్ల బెంగ కాబోలు అనుకున్నాడు సూర్యారావు.

ఆ తర్వాత అరుగు అద్దెకు ఇమ్మని ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. రోజూ కడిగి ముగ్గు మాత్రం పెడుతోంది.

వానలు మొదలయ్యాక శ్రీముఖలింగం నుంచి జగన్నాధం వచ్చాడు. సూర్యారావు అక్క భర్త. భోజనానికి కూర్చుంటూ అడిగాడు.

“అరుగు కాళీగా ఉన్నాదేటి? మా ఊరి గంగులు ఇక్కడే కుట్టీవోడు కదా?”

“ఆడి మాటెత్తకు బావా.” సూర్యారావు ఉత్సాహంగా కథంతా చెప్పాడు.

జగన్నాధం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“ఒరే సూర్యం, ఆడికి మీ ఊర్లో ఓటేటిరా? ఆడి ఓటు మా ఊర్లో ఉన్నాది. పోలింగు నాడు లైన్లో నా ముందు నిలబడ్డాడు. పొద్దుగూకేదాకా మా వీధిలోనే ఉన్నాడు.”

సూర్యారావు కంచం పక్కకు జరిపాడు.

“ఇప్పుడెక్కడున్నాడు బావా?”

“ఎవులికెరుక? ఇంటికి తాళమేసి సెన్నై ఎల్లిపోనాడు. ఫోనూ తగల్దు.”

సిగ్గుతో సూర్యారావు తల వాలిపోయింది. వెయ్యని ఓటును నెత్తినేసుకుని, ఊరందరి ముందూ మాట పడి, బతుకుతెరువు వదులుకుని పోయాడు ఆ మనిషి. ఒక్క మాట తిరిగి అనలేదు. ఎంత మనిషి! ఇంతకీ ఎవరి కోసం?

పార్వతీదేవి అన్నం గిన్నెతో వచ్చి పక్కన నిలబడింది. ఆమె అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“పార్వతీ, ఆ అరుగు రోజూ ఎవులి కోసం కడుగుతన్నావు?” గొంతు తగ్గించి అడిగాడు.

“నన్ను కాసినోడి కోసం.”

గుడి ముందు తవిటమ్మ వెనక, వెలుగుతున్న కర్పూరం మీదికి చెయ్యి చాపి నిలబడ్డది పార్వతీదేవేనని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఊరంతా ముసలిదాన్ని చూసి నవ్వుతుంటే, ఆ చెయ్యి వణకడం చూసినవాడు గంగులొక్కడే.